ఇంటి ఆక్వాపోనిక్స్ 7వ పాఠం: రాగి కాయిల్ తియ్యండి, తర్వాత రాత్రి నీళ్ళు తిప్పుడు

ఆక్వాపోనిక్స్ అంటే చేపల ట్యాంకు నీళ్ళనే మొక్కలకి తిప్పి మళ్ళ ట్యాంకుకి తెచ్చుడు. ఈసారి నేరుగా, రాత్రి చలికి ట్యాంకు చల్లారకుండ పంపుకి టైమర్ ఎట్ల పెట్టాలో చెప్దామనుకున్న, కానీ పోయిన పాఠం చదివి కాయిల్ చేసుకున్నోళ్ళ ట్యాంకులు చూసినాక ముందు అదే మాట్లాడాలె. సోలార్ హీటర్ వేడి నీళ్ళని ఒక గొట్టంల తిప్పి ఆ గొట్టాన్ని చేపల ట్యాంకుల ముంచండి, రెండు నీళ్ళు కలవకుండ వేడి మాత్రం దిగుతది అని రాసిన. ఏ గొట్టం అన్నది రాయలే, అది నా తప్పు. నలుగురు రాగి గొట్టం తెచ్చి, ఏసీ మెకానిక్ దగ్గర గుండ్రంగ వంచించుకుని మరీ పెట్టిండ్రు. వేడి జల్దిగనే ఎక్కింది. నిర్మల్ దిక్కు తమ్ముడొకాయన ఫొటోలు పంపిండు: ముందు గ్రో బెడ్ (మొక్కలు పెంచే తొట్టి) కంకరల ఉన్న నత్తలు చచ్చినయి, ఇంకో రెండు రోజులకు తిలాపియాలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి, ఆక్సిజన్ తక్కువైందేమో అని ఆయన ఇంకో ఎయిర్ పంపు కొన్నడు. ఫొటోని పెద్దగ చేసి చూస్తే కాయిల్ అతుకు దగ్గర చుట్టూ నీలంపచ్చ మరక, దాని కింద ట్యాంకు గోడ మీద అదే రంగు చార. జబ్బు అక్కడుంది.

అందరూ అడిగిన మాట ఒక్కటే, రాగి చెంబుల నీళ్ళు మనం తాగుతం కదా, మంచిదంటరు కదా అని. మనం తాగేది చెంబెడు, అది కడుపులకి పోతది, ఎక్కువైన రాగిని కాలేయం బయటికి పంపుతది. చేప ఆ నీళ్ళల్లనే ఊపిరి తీస్కుంటది, పొద్దుమాపు మొప్పల మీదుగ అవే నీళ్ళు పోతుంటయి, రాగి మొప్పలకి పట్టి ఒంట్ల ఉప్పు నిలవనియ్యదు, అందుకే గాలి ఎంత పెట్టినా తేరుకోదు. చెరువుల పాచి చంపడానికి వేసే మైలుతుత్తం రాగిదే కదా, చేపల రైతులు దాన్ని నీళ్ళ గట్టిదనం (అందుల సున్నం ఎంతుందో) చూసి లెక్క కట్టి గాని వెయ్యరు, మనం లెక్క లేకుండ రోజంతా కరగబెడుతున్నం. పైగా మన దాంట్ల నీళ్ళు బయటికి పోవు, అవే తిరుగుతయి, కరిగిన రాగి పోగవుతనే ఉంటది. ఇంకోటి, బెడ్‌ల బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ చేసేటప్పుడు ఆమ్లం పుడుతది, వారాలు గడిచే కొద్ది పీహెచ్ దిగుతది, దిగితే రాగి ఇంకా ఎక్కువ కరుగుతది. గట్టి నీళ్ళల్ల రాగి దెబ్బ తగ్గుతది, బోరు నీళ్ళు గట్టియి కాబట్టి కొందరికి ఇంకా తెలుస్తలేదు, వాన నీళ్ళు పట్టి నింపినోళ్ళకే ముందు దెబ్బ తగిలింది. పెయింట్ పూస్తే చాలదా అని అక్క ఒకామె అడిగింది, చాలదు, వల తగిలి ఒక్క గీత పడితే మళ్ళ మొదటికే. ఇత్తడి గేట్ వాల్వ్ కూడా వద్దు, జింక్ పూత ఉన్న జీఐ పైపు కూడా వద్దు.

కాయిల్ ఇయ్యాలనే తియ్యండి. మూడోవంతు నీళ్ళు మార్చండి, కొత్త నీళ్ళు అదే వేడి ఉండాలె, మున్సిపల్ నల్లా నీళ్ళయితే క్లోరిన్ పొయ్యేదాక ఆగాలె. రెండు రోజులాగి మళ్ళ మూడోవంతు. ఆల్చిప్పలు నలగ్గొట్టి సంచిల కట్టి బెడ్ నీళ్ళు పడే కాడ పెట్టండి, నీళ్ళు కొంచెం గట్టిపడుతయి. రాగి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ 304 అయితే మంచిది. నేనైతే గీజర్ లైన్లకి వాడే సీపీవీసీ పైపునే నిచ్చెన లెక్క అతికించి వాడుతున్న, వేడి నిదానంగ దిగుతది కాబట్టి పొడుగు ఎక్కువ కావాలె, కానీ ఏ ఊర్లనైనా దొరుకుతది. జిగురు బాగ ఆరినాక రెండుసార్లు కడిగి ముంచండి.

ఇగ అసలు పాఠం. వెయ్యి లీటర్లు 1 డిగ్రీ ఎక్కాలంటే 1.16 యూనిట్ల కరెంటు పడుతది. అదే ట్యాంకు మీద నుంచి ఒక్క లీటరు ఆవిరైతే అర డిగ్రీ పైనే పోతది. ఆదిలాబాద్‌ల మా డాబా మీద పోయిన జనవరి రాత్రి 24 దగ్గర మొదలైన ట్యాంకు తెల్లారికి 18.5 అయింది, పాలిథీన్ చుట్టిన థర్మోకోల్ మూత పెట్టినాకనే సగం నష్టం ఆగింది. మూతల ఎయిర్ స్టోన్ (నీళ్ళల్ల గాలి బుడగలు వదిలే రాయి) గొట్టానికి సందు వదలండి. చుట్టని థర్మోకోల్ పెట్టకండి, చేపలు కొరికి తింటయి.

మిగతా సగం బెడ్ తింటది. రాత్రి చల్లగాలిల కంకర మీద నీళ్ళు పరుచుకుని దిగుతుంటే అది కారు రేడియేటర్ లెక్కనే పని చేస్తది, మీరు కాపిన నీళ్ళని మీరే చల్లార్చుకుంటున్నరు. పగలు ఎండ ఉన్నప్పుడు పంపు ఆపకండి, కంకర వేడెక్కి ట్యాంకుకి వేడి ఇస్తది. పొద్దుగూకినాక గంటకి 15 నిమిషాలు చాలు, బ్యాక్టీరియా తడి ఆరకుండ ఉంటది. పిన్నులుండే మామూలు 24 గంటల టైమర్ చాలు. ఆ 15 నిమిషాలల్ల బెడ్ నిండకపోతే బెల్ సైఫన్ (బెడ్ నిండగానే నీళ్ళని తనంతట తానే ట్యాంకుకి దింపే గొట్టం) అందుకోదు, చల్ల నీళ్ళు అట్లనే నిలబడతయి, అందుకే నేను సైఫన్ తీసేసి అడుగున చిన్న రంధ్రం ఉన్న నిలువు పైపు పెట్టుకున్న. ఎయిర్ పంపుకి మాత్రం టైమర్ లేదు, అది రాత్రంతా నడవాలె, ఇన్వర్టర్ మీదనే పెట్టండి. నీళ్ళల్ల కరెంటు సామాను ఉన్నోళ్ళకి 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపే స్విచ్) ఉంటదని అనుకుని చెప్తున్న.

నీళ్ళు 20 డిగ్రీల కిందికి దిగితే తిలాపియాకి మేత తగ్గించండి, 17 కిందికి దిగితే ఆపండి. అరగని మేత అంతా అమ్మోనియానే, చల్లటి బ్యాక్టీరియా దాన్ని అందుకోలేదు.

అభ్యాసం: మూడు రాత్రులు, సాయంత్రం 6, రాత్రి 12, తెల్లారుజామున 3, పొద్దున 6, రెండు చోట్ల కొలవాలె, ట్యాంకు మధ్యల ఒకటి, బెడ్ నుంచి కారే నీళ్ళ కింద ఒకటి. మొదటి రాత్రి మూత లేకుండ పంపు నడుస్తనే ఉండాలె, రెండో రాత్రి మూతతో, మూడో రాత్రి మూత, టైమర్ రెండూ. మొదటి రాత్రి ట్యాంకు 18 డిగ్రీల కిందికి దిగితే పట్టు పట్టకుండ మూత వేసేయండి, చేపలే ముఖ్యం. గ్రీన్‌హౌస్ ఉన్నోళ్ళు దాని లోపలి గాలి వేడి కూడా పక్కన రాసుకోండి, 8వ పాఠంల హీటర్ ఎన్ని వాట్లు కొనాలె అనేది ఈ అంకెల నుంచే లెక్క కడతం, అప్పటిదాక హీటర్ కొనకండి.