సెల్లార్‌లో గుహ కీచురాళ్లు: నా అనుభవం

సెల్లార్‌లో లైటు వేయగానే గోడ మీంచి ఒకటి సూటిగా నా మీదికే దూకింది. కెవ్వుమన్నాను. మా పాప సాలీడనుకుని మెట్ల మీదే ఏడ్చేసింది. దగ్గరగా చూస్తే ఆరు కాళ్లే. గూని వీపు, ఒంటికంటే పొడవైన మీసాలు. ఈ గుహ కీచురాళ్లకి రెక్కలుండవు కాబట్టి కూతా ఉండదు. కుట్టవు, విషం లేదు. బెదిరితే గంతేయడమే వాటి ఆత్మరక్షణ, మన మీద పగతో కాదు. ఇది చెప్పాక పాప భయం సగం తగ్గింది.

పురుగుల మందు కొట్టాను, వారానికే మళ్లీ వచ్చాయి. అసలు కారణం తేమ. కారే పైపు బాగుచేయించి, చెమ్మ పట్టిన అట్టపెట్టెలు పారేసి, గాలిలో చెమ్మను లాగేసే డీహ్యూమిడిఫయర్‌తో తేమను 50 శాతం లోపు ఉంచాను. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, గోడ వారన పురుగులు అంటుకునే జిగురు అట్టలు పెట్టాను. మూడో వారానికి అట్టలు ఖాళీ.