వేడి గిన్నెలు చేతులు కాలకుండా దించడం ఎలా?

సంగటి దించేటప్పుడో గంజి వంచేటప్పుడో చెయ్యి చురుక్కుమనని ఇల్లు మన చిత్తూరు వైపు ఉండదేమో. సత్తు దబరా, అంటే అల్యూమినియం గిన్నె కదా, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే అల్యూమినియంలో వేడి పది రెట్లకు పైనే ఎక్కువగా పాకుతుంది, అందుకే అడుగున మంట పెట్టిన కాసేపటికే పైన అంచు కూడా ముట్టుకోలేం. స్టీలు గిన్నె చెవులు కాస్త లేటుగా కాలతాయి, అంతే తేడా.

ముందు మంట చూసుకోండి. గిన్నె అడుగు దాటి పక్కలకి ఎగబాకే మంట పెడితే గ్యాసూ దండగ, పిడీ కాలుతుంది. చిన్న గిన్నెకి చిన్న బర్నరే వాడండి. పిడి పక్క బర్నర్ మీదికి రాకుండా, స్టవ్వు బయటికి పొడుచుకుని రాకుండా తిప్పి పెట్టండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

ఇక మసిగుడ్డ. తడి గుడ్డయితే చల్లగా ఉంటుంది కదా అని దానితోనే పట్టుకుంటారు చాలామంది, అక్కడే కాలేది. పొడి గుడ్డ చేతిని కాపాడేది పోగుల మధ్య ఉన్న గాలి వల్ల, తడిస్తే ఆ గాలి పోయి నీళ్లు చేరతాయి, నీళ్లు గాలి కంటే 20 రెట్లకు పైగా వేడిని దాటిస్తాయి, పైగా ఆ తడి ఆవిరై చేతికే తగులుతుంది. చీర కొంగుతో, చున్నీతో దించడం కూడా వద్దు, పాలిస్టర్ గుడ్డ వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది, కొస మంటకి తగిలితే ఇంకా ప్రమాదం.

అంగట్లో కొనక్కర్లేదు, పాత కాటన్ లుంగీనో టర్కీ టవలో ఉంటే చాలు. అరచెయ్యికి ఒకటిన్నర రెట్లు ఉండేలా కత్తిరించి, లుంగీ అయితే ఆరు పొరలు, టవలయితే మూడు పొరలు వేసి, చుట్టూ ఒక కుట్టు, మధ్యలో అడ్డంగా ఐమూలగా రెండు కుట్లు వెయ్యండి, లేకపోతే ఉతికినప్పుడు లోపలి పొరలు ఒక మూలకి ఉండకట్టేస్తాయి. రెండు చేతులకీ రెండు కుట్టుకోండి. నూనె పీల్చి జిడ్డుపట్టిన గుడ్డ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి స్టవ్వుకి దూరంగా మేకుకి తగిలించి, వారానికోసారి ఉతికి, బాగా ఎండాకే వాడండి.

కుక్కరు, పెనం పిడికి ఉండే నల్ల బేకలైట్ పెద్దగా కాలదు గానీ దాన్ని బిగించిన స్క్రూ ఇనుమే, బొటనవేలు సరిగ్గా దాని మీదే పడుతుంది. పిడి ఊగుతుంటే వంటయ్యాక, చల్లారాక స్క్రూ బిగించండి. పట్టకారు వాడేవాళ్లు అంచుని లోతుగా పట్టుకోవాలి, నిండా సాంబారున్న గిన్నెని దాంతో ఎత్తకపోవడమే మేలు.

దించే ముందే ఎక్కడ పెట్టాలో చూసుకోండి. వేడి దబరా చేతిలో పట్టుకుని, కుదురు ఏదే అని అరిస్తే లాభం లేదు. సంగటికైతే నేల మీద గోనెసంచి మడిచి వేసి, దబరా దాని మీద పెట్టి, ఎవరైనా ఒకరు రెండు మసిగుడ్డలతో గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు కట్టెతో గెలకాలి. ఒక్కరే పట్టుకుని ఒక్కరే గెలికితే దబరా తిరిగిపోతుంది, సంగటి ఎగిరి మణికట్టు మీద పడిందంటే అతుక్కుని అక్కడే కాలుస్తుంది, నీళ్లలా జారిపోదు.

గంజి వంచేటప్పుడు మూతని, అంచుని కలిపి పట్టుకుని గిన్నెని అవతలి వైపుకే వంచండి. మూత తీసేటప్పుడూ ముందు అవతలి అంచే లేపాలి. ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు దాచుకున్న వేడంతా అక్కడే వదిలేస్తుంది, అందుకే మరిగే నీళ్ల కంటే ఘోరంగా కాలుతుంది.

ఇంత చేసినా కాలిందనుకోండి, ఉంగరాలు గాజులు వెంటనే తీసేసి 20 నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద చెయ్యి పెట్టండి. మే నెలలో తిరుపతిలో మిద్దె మీద ట్యాంకు నీళ్లే కాగుతుంటాయి, కాబట్టి నీడలో ఉన్న బకెట్ నీళ్లో, క్యాన్ నీళ్లో పోసుకోండి, ఐసు మాత్రం వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పిండి ఏవీ పూయకండి, బొబ్బ చిదపకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, బొబ్బ పెద్దదైనా, వేళ్ల కణుపుల మీద కాలినా, చర్మం తెల్లగా మారి నొప్పే తెలియకపోయినా తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రికో దగ్గర్లోని ఆస్పత్రికో ఆ రోజే వెళ్లండి.