లోపాలున్న బుడిపె కర్రతో అలంకార పాత్ర

గాలివానలకు విశాఖపట్నంలో కూలిన వేప, నిద్రగన్నేరు మొద్దులపై ఉండే బుడిపెలు సాధారణంగా పొయ్యిలోకి పోతాయి. మెలితిరిగిన వాటి నార అందం లేత్‌పై (చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) తిప్పినప్పుడే బయటపడుతుంది.

ముందుగా వదులు బెరడును, పుచ్చును తొలగించి, చెక్కను తట్టి వినాలి. డొల్లగా మోగిన చోట పగులు లోపలికి పోయిందని అనుమానించాలి. సన్నని పగుళ్లలో పలుచని సూపర్ గ్లూ, పెద్ద బొరియల్లో ఎపాక్సీ (కలిపి పోస్తే గట్టిపడే జిగురు) పోయాలి. అడ్డంగా పూర్తిగా చీలినదాన్ని మాత్రం వదిలేయడమే మేలు.

పచ్చి చెక్కయితే పాత్ర గోడ మందం దాని వ్యాసంలో పదోవంతు ఉండేలా ముతకగా తిప్పి, కాగితపు సంచిలో ఆరబెట్టి, అప్పుడప్పుడూ తూచి, బరువు తగ్గడం ఆగాకే మళ్లీ లేత్‌కు ఎక్కించాలి. సముద్రపు తేమగాలిలో ఈ ఓపిక తప్పదు.

లోపల తొలిచేటప్పుడు, అనుకున్న లోతు వరకు నడిమధ్య బెజ్జం వేసి, నోటి దగ్గర మొదలుపెట్టి కొంత మేర గోడను చివరి మందానికి తెచ్చాకే కిందికి దిగాలి. అడుగున కర్ర దిట్టంగా ఉన్నంతసేపే పైగోడ వణకకుండా నిలుస్తుంది. 20 సెం.మీ. వ్యాసమున్న మొద్దును 400 ఆర్‌పీఎం (నిమిషానికి 400 చుట్లు) దగ్గర ప్రారంభించి, ముఖకవచం ధరించి, తిరిగే చెక్కకు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. బొరియల అంచులను లేత్ ఆపి చేత్తోనే సాండ్ పేపర్‌తో రుద్దాలి.

ఏటికొప్పాక కళాకారులు నునుపైన అంకుడు కర్రకు లక్క పట్టించి మొగలి ఆకుతో మెరుగు పెడతారు గానీ, గుంతలున్న బుడిపెపై లక్క అంచుల్లో పేరుకుంటుంది కనుక పలుచని నూనె పూతే నా ఎంపిక.