‘క్రోమ్ వాడేవారికి బిగ్ అలర్ట్’ అని కనిపిస్తే ఏం చేయాలి

తలకు ముసుగేసుకున్న మనిషి, వెనక పచ్చ అంకెల వాన, పైన ‘క్రోమ్ వాడుతున్నారా? మీ ఖాతా ఖాళీ!’ అన్న శీర్షిక. ఇలాంటి వార్త తరచూ తగులుతూనే ఉంటుంది. పూర్తిగా అబద్ధమూ కాదు. కాకపోతే మందు షాపుల్లోకి వచ్చాక రోగం గురించి దండోరా వేయడం లాంటిది. క్రోమ్‌లో లోపం దొరికితే గూగుల్ మామూలుగా దాన్ని సరిచేసిన వెర్షన్ వదులుతూనే సంగతి చెబుతుంది. అది చూసి కేంద్ర ఐటీ శాఖ కిందున్న సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక జారీ చేస్తుంది. ఆ హెచ్చరికకు మన వెబ్‌సైట్లు కారం దట్టిస్తాయి. ఇన్ని చేతులు మారి వార్త మీ దాకా వచ్చేసరికి మందు మీ కంప్యూటర్లోకి దిగిపోయే ఉండొచ్చు. అది మింగారో లేదో చూసుకోవడమే మీ పని.

వార్తలో రెండే వెతకండి. ఒకటి వెర్షన్ నంబరు, రెండోది ఆ లోపాన్ని దుండగులు ఇప్పటికే వాడుతున్నారా అన్నది. ఈ రెండూ లేని వార్తను అక్కడే మూసేసి సెర్ట్-ఇన్ సైటులో అసలు హెచ్చరిక చూడటం మేలు. ‘ఏ వెర్షన్ కంటే ముందువి ప్రమాదంలో ఉన్నాయి’ అని అందులో ఒక్క ముక్కలో ఉంటుంది.

ఆ నంబరు చదవడంలోనే చాలామంది బోల్తా పడతారు. 2025 జూన్ 30న ప్రకటించిన సీవీఈ-2025-6554 అనే లోపాన్నే తీసుకోండి (సీవీఈ అంటే ఇలాంటి లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబరు). వెబ్‌పేజీల్లోని ప్రోగ్రాముల భాష జావాస్క్రిప్టును నడిపే, క్రోమ్ లోపలి వీ8 ఇంజిన్‌లోది. దాడుల్లో వాడుతున్నారని గూగులే చెప్పింది. విండోస్‌లో దాన్ని సరిచేసిన వెర్షన్ 138.0.7204.96. మీ దగ్గర 138.0.7204.49 ఉంటే, ‘138 ఉందిగా’ అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. నంబర్లను ఎడమ నుంచి ఒక్కో గడి పోల్చుకుంటూ రండి. మొదటి మూడూ ఒకటే అయినప్పుడు తేల్చేది చివరిదే. 139 అని మొదలైతే మాత్రం మిగతాది చూడక్కర్లేదు.

కంప్యూటర్లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, హెల్ప్, అందులో అబౌట్ గూగుల్ క్రోమ్‌లోకి వెళ్లండి. ఆ పేజీ తెరవగానే క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ వెతికి దించుకుంటుంది. తర్వాత ‘రీలాంచ్’ అని అడుగుతుంది. అది నొక్కేదాకా పాత వెర్షనే నడుస్తుంటుంది. తేడా వచ్చేది ఇక్కడే. ఇంటూ గుర్తు నొక్కి కిటికీ మూసినంత మాత్రాన క్రోమ్ ఆగిపోకపోవచ్చు. విండోస్‌లో వెనక నడుస్తూ ఉండే సెట్టింగు ఒకటి ఉంది. మ్యాక్‌లో కిటికీ మూయడం వేరు, క్విట్ చేయడం వేరు. పైగా ల్యాప్‌టాప్‌ను మూత వేసి తెరవడమే తప్ప వారాల తరబడి రీస్టార్ట్ చేయం. రీలాంచ్ చేస్తే మామూలు ట్యాబులు తిరిగి వస్తాయి, ఇన్‌కాగ్నిటో ట్యాబులు రావు. ఎప్‌సెట్ దరఖాస్తు సగం నింపి ఉంటే ముందు అది ముగించండి.

ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లోనే అప్‌డేట్ చేయాలి. క్రోమ్‌తో పాటు ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కూడా చూడండి, చాలా యాప్‌లు తమలోపలే పేజీలు తెరిచేది దానితోనే. అప్‌డేట్లు అందరికీ ఒకేరోజు రావు. రాలేదని గూగుల్లో ఏపీకే (యాప్‌ను నేరుగా వేసుకునే ఫైలు) వెతికి వేసుకుంటే దొంగకు భయపడి తాళంచెవి దొంగకే ఇచ్చినట్టు. ‘మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అని ఏదైనా వెబ్‌పేజీ మధ్యలో వచ్చినా అంతే సంగతి.

ఈ వార్తల అడుగున ‘వేరే బ్రౌజర్‌కు మారండి’ అని ఉచిత సలహా ఒకటి ఉంటుంది. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ అన్నీ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీద కట్టినవే. వీ8లో చిల్లు పడితే అన్నింటికీ పడినట్టే, వాటికీ విడివిడిగా అప్‌డేట్ రావాలి. ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ వేరు, దాని లోపాలు దానివి. మన దగ్గర ఐఫోన్‌లో నడిచే క్రోమ్ లోపల యాపిల్ వారి వెబ్‌కిట్ ఇంజిన్ ఉంటుంది కాబట్టి వీ8 వార్త చూసి ఐఫోన్ వాళ్లు కంగారు పడక్కర్లేదు.

నిజంగా కంగారు పడాల్సింది విండోస్ 7, 8.1 మీద నెట్టుకొస్తున్న జిరాక్స్ షాపులూ ఇంటర్నెట్ సెంటర్లూ. అక్కడ క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. అలాంటి చోట హాల్‌టికెట్ ప్రింటు తీసుకోండి, బ్యాంకు పాస్‌వర్డు మాత్రం కొట్టకండి.

ఇక మిమ్మల్ని ఇంతగా భయపెట్టిన ఆ వార్తా సైటే పేజీ తెరవగానే ‘నోటిఫికేషన్లు పంపమంటారా?’ అని అడిగి ఉంటుంది. తొందరలో అలౌ నొక్కేసి ఉంటే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో దాని పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. ఎలాగూ అక్కడిదాకా వెళ్లారు కాబట్టి, ఆ జాబితాలో మీరు గుర్తుపట్టలేని పేర్లన్నింటికీ అదే పని చేయండి.