అల్లమండను పొట్టి పొదగా పెంచి, నిండుగా పూయించడం ఎలా?

పొట్టిగా, గుబురుగా పెరిగి, ఆకుల పైన గంటల్లాంటి పెద్ద పసుపు పూలు పూసే మొక్క కావాలనుకునేవారికి అల్లమండ సరిగ్గా సరిపోతుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క గన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనాల కుటుంబంలోనిదే. ఇందులో తీగలా పాకే జాతీ, పొదలా పెరిగే జాతీ రెండూ ఉన్నాయి కనుక, మొక్కను ఎంచుకునేటప్పుడే పొద రకమో కాదో అడిగి తెలుసుకోవాలి. తీగజాతిని ఎంత కత్తిరించినా పొట్టిగా నిలపడం విసుగు పుట్టించే పని.

కొమ్మ నుంచి మొక్క చేసుకోవడం సులువే. మరీ లేతగానూ, మరీ ముదురుగానూ లేని కొమ్మను 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు కాస్త దిగువన కోయాలి. కోసినచోట పాలు కారతాయి. అవి కొందరికి చర్మంపై మంట, దద్దుర్లు కలిగిస్తాయి కాబట్టి చేతికి తొడుగు వేసుకోవడం మంచిది. మొక్కలో ఏ భాగం తిన్నా వాంతులు, విరేచనాలు కావచ్చు (తీగజాతి శాస్త్రీయ నామంలోని ‘కాథార్టికా’ అన్న మాటకు విరేచనకారి అనే అర్థం), అందువల్ల చిన్నపిల్లలకు, పశువులకు అందనిచోట పెంచాలి. పాలు ఆరిన తరువాత కింది ఆకులు తీసివేసి, ఇసుక, మాగిన ఎరువు కలిపిన మిశ్రమంలో కొమ్మను గుచ్చి, వెలుతురున్న నీడలో తడి ఆరకుండా ఉంచితే కొన్ని వారాల్లో వేళ్ళు పోసుకుంటుంది.

నాటే చోట రోజుకు కనీసం 6 గంటల ఎండ పడాలి. నీడలో మొక్క బతుకుతుంది గానీ పూయదు. నీరు నిలిచే నేల అయితే మట్టిలో ఇసుక కలపాలి, లేదా పాదును ఎత్తు చేయాలి. వరుసగా నాటేవారు మొక్కల మధ్య సుమారు 60 సెంటీమీటర్ల ఎడం వదలాలి.

ఇక అసలు విషయం కత్తిరింపు. అల్లమండ పూలు కొత్త చిగుళ్ళ కొసల్లోనే వస్తాయి కాబట్టి, ఎన్ని కొత్త కొమ్మలు వేస్తే అన్ని పూలగుత్తులు వస్తాయి. చలి తగ్గి చిగుళ్ళు మొదలయ్యే ముందు పొదను మూడోవంతు మేర, కణుపుకు కాస్త పైన కోస్తే, ఒక్కో కొమ్మ నుంచి రెండు మూడు పిలకలు వస్తాయి. అవి జానెడు పెరిగాక కొసలు గిల్లితే పొద మరింత గుబురవుతుంది. అయితే మొగ్గలు కనబడ్డాక గిల్లితే ఆ పూతను మన చేతులతోనే పోగొట్టుకున్నట్టు. పూయని మొక్కకు యూరియా వేయాలనిపించడం సహజమే, కానీ నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుందే తప్ప పువ్వు రాదు.

పెరిగే కాలంలో పైమట్టి ఆరగానే నీరు పోయాలి, చలికాలంలో తగ్గించాలి. మంచు గడ్డకట్టే చోట్ల కుండీలో పెంచి, చలి రోజుల్లో ఇంట్లోకి చేర్చుకోవాలి. పిండినల్లి కనబడితే సబ్బునీరు పిచికారీ చేస్తే చాలు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది సాధారణంగా ఇనుము లోపం. క్షారనేలల్లో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు కాబట్టి, అటువంటిచోట మాగిన ఆకుల ఎరువును విరివిగా కలిపి, అవసరమైతే చీలేటెడ్ ఐరన్‌ను (వేళ్ళు పీల్చుకోగలిగే రూపంలో ఉండే ఇనుమును) పొట్లంపై రాసిన మోతాదులో ఇవ్వాలి.