కుబుసం ముక్కలుగా ఊడుతోందా? స్ప్రే సీసా పక్కన పెట్టి ప్రోబ్ చూడండి

బాల్ పైథాన్ (ఇళ్ళలో పెంచుకునే చిన్న కొండచిలువ) కుబుసం మేజోడు తిరగేసి లాగినట్టు తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా రావాలి. పేలికలుగా ఊడినా, తోక చివర ఉంగరంలా మిగిలినా, కంటి మీద పొర ఉండిపోయినా అందరూ చేసేది ఒకటే: రోజుకి నాలుగుసార్లు స్ప్రే కొట్టడం. తేమ మీటరు గంటసేపు 80 శాతం చూపించి మళ్ళీ 40కి పడిపోతుంది, పాము పెట్టెలో పరిచిన పొట్టు మాత్రం పైన ముద్దవుతుంది. తేమ వేరు, తడి వేరు. పాముకి కావాల్సింది గాలిలో తేమ. పొట్ట కింద తడి నిలిస్తే పొలుసులు కుళ్ళుతాయి.

ముందు మీటరు. అద్దానికి పైన అంటించే గుండ్రటి ముల్లు మీటర్లని నమ్మకండి. డిజిటల్‌ది కొని, చల్లటి వైపు నేలకి దగ్గరగా పెట్టండి. దాన్నీ ఒకసారి పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేయండి. మూతనీ మీటరునీ జిప్ కవర్లో మూసి రాత్రంతా వదిలేస్తే 75 చూపించాలి. 68 చూపిస్తే, ఇకపై కనిపించే అంకెకి 7 కలుపుకోండి.

మీటరు బాగానే ఉంది, అయినా తేమ 60 దగ్గర నిలవట్లేదు అంటే తేమ సంగతి వదిలేసి వేడి చూడండి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలినే 32 డిగ్రీలకి వేడిచేస్తే, ఒక్క చుక్క నీరు పోకుండానే మీటరు 40కి దిగుతుంది. పెట్టె అవసరానికి మించి వేడెక్కితే ఎంత స్ప్రే కొట్టినా చిల్లుకుండలో పోసినట్టే.

అసలు దొంగ ప్రోబ్. హీటరుని నడిపి ఆపేది థర్మోస్టాట్, దానికి వేడి ఎంతో చెప్పే వైరు కొసే ప్రోబ్. థర్మోస్టాట్ డిస్‌ప్లేలో కనిపించేది ప్రోబ్ వేడి, పెట్టె వేడి కాదు. పాము రాత్రిళ్ళు తిరుగుతూ వైరుని ఈడ్చేస్తుంది. ప్రోబ్ చల్లటి వైపుకో, నీళ్ళ గిన్నెలోకో చేరుతుంది. డిస్‌ప్లే 30 చూపిస్తుంటే అంతా బాగానే ఉందనుకుంటాం. కానీ థర్మోస్టాట్‌ని 32కి పెట్టాం, ప్రోబ్ అంతకి చేరదు కాబట్టి హీటరు ఆగదు, వేడి వైపు నేల 45 దాటిపోతుంది. ప్రోబ్ తడిసినా ఇదే గొడవ: తడి ఆరుతూ ప్రోబ్‌ని చల్లబరుస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే. అంటే మీరు కొట్టే స్ప్రే ప్రోబ్ మీద పడితే హీటరు ఇంకా ఎక్కువ పనిచేసి పెట్టెని ఇంకా ఆరబెడుతుంది. పాము రోజంతా చల్లటి మూలకో, నీళ్ళ గిన్నెలోకో పోయి పడుకుంటుంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి.

ముందు ప్రోబ్‌ని పొడిగా తుడిచి రెండు నిమిషాలు పిడికిట్లో పట్టుకోండి. 32కి పెట్టిన థర్మోస్టాట్ అయితే హీటరు ఆగాలి. ఆగకపోతే థర్మోస్టాటే మార్చాలి. ఆగితే సరైన చోట బిగించండి. హీట్ మ్యాట్ (పెట్టె అడుగున పెట్టే వేడి చాప) అయితే పెట్టె బయట, మ్యాట్‌కీ అడుగు అద్దానికీ మధ్య. దీపమైతే దాని కింద, పాము వీపు ఉండే ఎత్తులో, గాల్లో వేలాడదీయొద్దు. లోపల ప్లాస్టర్ టేపు మాత్రం వాడకండి. జిగురుకి పాము అతుక్కుంటే చర్మం ఊడివస్తుంది. హాట్ గ్లూ, లేదా స్క్రూతో బిగించే వైరు క్లిప్పు చాలు.

తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌తో నేల కొలవండి. మ్యాట్ ఉంటే పొట్టు పక్కకి తోసి అద్దాన్నే కొలవాలి, ఎందుకంటే పాము తవ్వుకుంటూ అక్కడిదాకా పోతుంది. వేడి వైపు 31-33, చల్లటి వైపు 25-27 రావాలి. ఒక్కో డిగ్రీ మారుస్తూ, ప్రతిసారీ రెండు గంటలు ఆగి చూడండి.

వేడి కుదిరాక తేమ నిలబెట్టడం పెద్ద పని కాదు. జాలీ మూతని దీపం చోటు వదిలి ముప్పావు వంతు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి. అమెరికాలో చలికాలం ఇంటి హీటింగ్ నడిచే రోజుల్లో ఇది చేయకపోతే ఇంకేం చేసినా దండగ. కొబ్బరి పొట్టు 8 సెంటీమీటర్ల మందాన పరిచి, నాలుగు మూలల్లో గ్లాసుడు నీళ్ళు అడుక్కి దిగేలా పోయండి. అడుగు తడిగా, పైన పొడిగా ఉండాలి. కళ్ళు నీలంగా మసకబారినప్పుడు తేమ 70 దాకా పెంచండి.

నీళ్ళలో నల్లటి చుక్కలు తేలుతుంటే అవి పురుగులు, వాటి మందు వేరు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, బుడగలు వస్తున్నా సరాసరి పశువైద్యుడి దగ్గరికే.

మిగిలిన కుబుసానికి: గోరువెచ్చటి నీళ్ళలో పిండిన తువ్వాలుతో పాటు పాముని గాలి రంధ్రాలున్న డబ్బాలో అరగంట ఉంచండి. తువ్వాలు మడతల్లోంచి పాకుతూ అదే రాల్చుకుంటుంది. కంటి పొరని గోటితో గానీ పట్టకారుతో గానీ లాగొద్దు. వచ్చే కుబుసంతో అదే పోతుంది. అప్పటికీ పోకపోతే వైద్యుడికి చూపించండి.