90ల మొదట్లో వచ్చిన పాటలతో మీ సొంత కౌంట్‌డౌన్ చేసుకోవడం ఎలా: అటు ఆరు, ఇటు ఆరు

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి తణుకు వెళ్తూ కారులో ఒక కౌంట్‌డౌన్ వేశాం. 12 నుంచి 1 దాకా, అన్నీ 1990 నుంచి 1994 లోపు తెలుగు పాటలే. అమ్మ, అన్నయ్య, వదిన, పిల్లలు అందరూ ఉన్నారు, సూర్యాపేటలో టీ తాగి బయల్దేరాక మొదలెడితే నందిగామ దగ్గర్లో అయిపోయింది. ఆ పన్నెండు పాటలు తేల్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎలా చేశావో చెప్పు, మేమూ చేసుకుంటాం అని చుట్టాల్లో నలుగురు అడిగారు కాబట్టి మొత్తం పద్ధతి రాసేస్తున్నా.

ముందు ఫోన్ పక్కన పెట్టేయండి. యూట్యూబ్‌లో "90స్ తెలుగు హిట్స్" అని కొట్టారంటే అయిపోయినట్టే, ఎవరో చేసిన లిస్ట్ మీ బుర్రలో కూర్చుంటుంది, ఇంక మీ పాటలు బయటికి రావు. ఒక నోట్‌బుక్ తీసుకుని వంటింట్లో పెట్టుకోండి. గిన్నెలు కడుగుతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో దానంతటదే నోట్లోకి వచ్చిన పాట ఉంటుంది చూడండి, అది రాయండి. సినిమా పేరు గుర్తులేకపోయినా పర్లేదు, పల్లవిలో రెండు మాటలు చాలు. నాకు వారం రోజుల్లో నలభై మూడు పాటలొచ్చాయి. అన్నయ్యకి ఫోన్ చేసి ట్యూన్ హమ్ చేస్తే ఇంకో ఆరు వాడు చెప్పాడు, అందులో రెండు నేను పూర్తిగా మర్చిపోయినవి. ఇంట్లో పెద్దవాళ్ళని తప్పకుండా అడగండి. శుక్రవారం సినిమా పాటలు వేసే చిత్రలహరి కోసం టీవీ ముందు చోటు పట్టుకున్నది మనమే అయినా, పొద్దున్నే రేడియో పెట్టింది వాళ్ళు.

ఎన్ని పాటలు అనేది ముందే ఫిక్స్ చేసుకోవాలి. నేను పన్నెండు అంటాను. అప్పట్లో పాటలు ఎక్కించే రికార్డింగ్ సెంటర్లో 60 నిమిషాల కేసెట్ ఇస్తే ఒక్కో వైపు అరగంట, పాటకి ఐదు నిమిషాలు వేసుకుంటే అటు ఆరు ఇటు ఆరు. నేను ఏడో క్లాసులో ఉండగా నాన్న కొనిచ్చిన ఖాళీ టీడీకే కేసెట్ తీసుకెళ్ళి, తెల్లకాగితం మీద పదమూడు పాటలు రాసి ఇచ్చాను, ఎలాగోలా ఇరికించండి అని బతిమాలాను. షాపాయన సరే అన్నాడు. ఇంటికొచ్చి వింటే పదమూడో పాట పల్లవి అయ్యీ అవకుండానే టక్‌మని తెగిపోయింది, అదీ నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట. చివర పెట్టాను కదా, అందుకే తెగింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. అందుకని పన్నెండంటే పన్నెండే. ఇరవై పెట్టుకుంటే ఏదీ వదులుకోనక్కర్లేదు, మరి వదులుకోకపోతే మీకు ఏది ఎక్కువో మీకే ఎప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఏరివేత. మొదట సంవత్సరం చూడండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. గీతాంజలి, శివ రెండూ 1989 సినిమాలు, 90ల్లో టేపు అరిగేదాకా విన్నాం కాబట్టి 90ల పాటల్లా అనిపిస్తాయి అంతే. అటు చివర్న పెళ్ళిసందడి, నిన్నే పెళ్లాడతా, ప్రేమదేశం వచ్చేసరికి 1996. ఇవన్నీ కొట్టేయాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు, గీతాంజలి పాట కొట్టేసిన రోజు నేను నోట్‌బుక్ మూసేసి లేచిపోయాను. కానీ గీత గీశాక గీతే. వీటికి వేరే లిస్ట్ చేసుకోండి.

తర్వాత, ఒక సినిమాకి ఒక్క పాటే. ఈ రూల్ లేకపోతే జగదేకవీరుడు అతిలోకసుందరి ఒక్కటే నాలుగు చోట్లు తినేస్తుంది.

డబ్బింగ్ పాటలు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు అంటాను నేను. దళపతి, రోజా, జెంటిల్‌మన్, ప్రేమికుడు, ఇవేవీ మనం అరవంలో వినలేదు కదా, తెలుగులో రాసిన రాజశ్రీ గారి మాటల్లోనే విన్నాం, వాటితోనే పెరిగాం. తెలుగులో మొదట విన్నదైతే అది మీ పాటే.

ఇక అసలు పరీక్ష రెండో చరణం. ఈ మొత్తం పద్ధతిలో నాకు బాగా నమ్మకమున్నది ఇదొక్కటే. పల్లవి ఎవరికైనా వస్తుంది, టీవీలో ముక్కలు ముక్కలుగా విని కూడా వస్తుంది. మొదటి చరణం కూడా సగం మందికి వస్తుంది. రెండో చరణం మాత్రం ఆ పాటని మీరు ఎన్నోసార్లు చివరిదాకా విని ఉంటేనే వస్తుంది. లిస్ట్‌లో ఒక్కో పాటకీ రెండో చరణం పైకి పాడి చూడండి. మాటలు అక్కడక్కడా తప్పినా పర్లేదు, ట్యూన్ ఆగకుండా వెళ్తే చాలు. నాకు చాలా ఇష్టం అనుకున్న పాటలు కొన్ని ఇక్కడ పడిపోయాయి. పేర్లు చెప్పను, వాటి హీరోలంటే మా ఇంట్లో పిచ్చి, అంచేత ఆ పాటలు నచ్చుతాయని నేనూ అనుకుంటూ వచ్చానేమో. అదే చూడండి, స్వాతి కిరణంలో ఆనతినీయరా హరా నాకు కష్టమైన పాట అనుకునేదాన్ని, సంగీతం వచ్చినవాళ్ళ పాట అనుకునేదాన్ని, తీరా పాడబోతే చివరిదాకా వచ్చేసింది. అమ్మ పాడగా పాడగా నాకు తెలీకుండానే లోపలికి వెళ్ళిపోయింది. వాణీ జయరాం గారికి జాతీయ అవార్డు వచ్చిన పాట అది, రాసింది సిరివెన్నెల, కె.వి.మహదేవన్ గారి సంగీతం.

ఈ పరీక్ష దాటి నాకు పంతొమ్మిది మిగిలాయి. అక్కణ్ణించి జోడీలు కట్టాలి. రెండేసి పాటలు తీసుకుని రెండూ పూర్తిగా వినండి, మధ్యలో ఫార్వర్డ్ చేయకుండా. ఒకటే అడగండి, రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, ఒక్క పాటకే ఛార్జింగ్ ఉంది, ఏది వింటాను? గొప్ప పాట ఏది అని అడక్కండి, దానికి తెగదు. అంతంలో నీ నవ్వు చెప్పింది నాతో ఒకవైపు, హలో బ్రదర్‌లో ప్రియరాగాలే ఒకవైపు పెట్టుకుని నేను రెండు రోజులు తిరిగాను. అంతం పాట ఆర్.డి.బర్మన్ ట్యూన్, సిరివెన్నెల మాటలు, వంక పెట్టడానికేం లేదు. అయినా ప్రియరాగాలే గెలిచింది, మా చిన్నత్త పెళ్ళిలో షామియానా కింద పొద్దున్నించీ మోగిన పాట అది. ఇలాంటి కారణం చాలు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

పాటలు వెతికేటప్పుడు జాగ్రత్త, ఇక్కడ సాయంత్రాలు సాయంత్రాలు పోతాయి. బంగారు కోడిపెట్ట అని కొడితే 2009 మగధీరలోది వస్తుంది, వానా వానా వెల్లువాయే అంటే 2012 రచ్చలోది, శుభలేఖ రాసుకున్నా అంటే 2013 నాయక్‌లోది. బృందావనం పాటలు అంటే 2010 సినిమా పైకొస్తుంది, మనకి కావలసింది సింగీతం గారు తీసిన 1992ది. సినిమా పేరు పక్కన సంవత్సరం కూడా కొట్టండి. 8డీ అనీ, డీజే అనీ, బేస్ బూస్టెడ్ అనీ ఉన్నవి ముట్టుకోవద్దు. కొన్ని అప్‌లోడ్లు ఎవరి కేసెట్ నుంచో ఎక్కించినవి, టేపు స్పీడు తేడాగా ఉండి బాలు గారి గొంతు సన్నగా, వేరే ఎవరిదో అయినట్టు వస్తుంది. మీతో పాటు పాడుకుని చూడండి, శ్రుతి ఎక్కడో కలవట్లేదు అనిపిస్తే వేరేది వెతకండి. వీడియోలోంచి తీసిన ఆడియో అయితే మధ్యలో డైలాగులు, ఫైటింగ్ చప్పుళ్ళు కూడా ఉంటాయి, ఆడియో కంపెనీ పెట్టినదే తీసుకోవడం మంచిది.

ఇప్పుడు వరస. పన్నెండో నంబరు అంటే అన్నిటికన్నా తక్కువది అని కాదు, తలుపు తీసే పాట అది, వినగానే కారులో అందరూ గుర్తుపట్టాలి. నేను నిర్ణయంలోంచి హలో గురు ప్రేమకోసమే పెట్టాను. 11 గ్యాంగ్ లీడర్ వానా వానా, బప్పీలహరి సంగీతం. 10 ఘరానా మొగుడు బంగారు కోడిపెట్ట. 9 ప్రియరాగాలే, 8 బృందావనంలో మధురమే సుధాగానం, 7 కొండవీటి దొంగలో శుభలేఖ రాసుకున్నా. ఇక్కడికి ఒక సైడు అయిపోయింది, కేసెట్ తిప్పినట్టు ఐదు నిమిషాలు ఆగండి, కోదాడ దగ్గర మేం బండి ఆపి కాళ్ళు చాపుకున్నాం.

రెండో సైడు 6 రోజాలో చిన్ని చిన్ని ఆశ, మిన్మిని గొంతు, రెహమాన్‌కి మొదటి సినిమా. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు టేపురికార్డర్లోంచి ఇలాంటి చప్పుడు కూడా వస్తుందా అని స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నాం. 5 మాతృదేవోభవ రాలిపోయే పువ్వా, వేటూరి గారికి జాతీయ అవార్డు తెచ్చింది, కీరవాణి స్వయంగా పాడారు. దీని పక్కనే ఆనతినీయరా పడింది నాకు, రెండు బరువైన పాటలు వరసగా వస్తే వినేవాళ్ళు ఊపిరి తీసుకోలేరు, అందుకని ఒక్క మెట్టు జరిపాను. ఒక్క మెట్టే జరపండి, అంతకంటే జరిపితే మీ ర్యాంకింగ్‌కి అర్థం ఉండదు. అలా మధ్యలోకి 4గా వచ్చింది జగదేకవీరుడు అతిలోకసుందరిలో అబ్బనీ తియ్యని దెబ్బ.

ఆ సినిమా 1990 మే 9న రిలీజ్, సరిగ్గా కోస్తాలో తుఫాను తీరం దాటిన రోజు. మా వీధిలో చెట్లు పడిపోయి, కరెంటు లేక, పెంకులు ఎగిరిపోయిన వంటింట్లో అమ్మ గొడుగు కింద అన్నం వండిన రోజులవి. కరెంటు తిరిగొచ్చిన సాయంత్రం వీధంతా ఓ అని అరిచింది, ఆ వెంటనే ఎదురింటి మేడ మీద టేపురికార్డర్లో ఈ పాటే మొదలైంది. గోడలింకా తడిగానే ఉన్నాయి. ఇళయరాజా గారి పాటల్లో అంతకన్నా గొప్పవి ఉన్నాయేమో, నాకు మాత్రం ఆ వెలుగు ఆ పాటదే.

ఇలాంటివే పాట ముందు చెప్పాలి. రేడియోలో హిందీ పాటల కౌంట్‌డౌన్ బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గారు ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ చెప్పేవారు చూడండి, అలాగ. ముందు నంబరు, సినిమా, సంవత్సరం, తర్వాత మీదైన ఒక్క జ్ఞాపకం, రెండు వాక్యాలు దాటకూడదు. ఫోన్లో రికార్డ్ చేసి పాటకీ పాటకీ మధ్య పెట్టుకోవచ్చు, లేదా అప్పటికప్పుడు చెప్పొచ్చు, నేను అప్పటికప్పుడే చెప్పాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, పాట మొదలయ్యాక మాట్లాడొద్దు. పల్లవికి ముందు వచ్చే ఆ వాయిద్యాల ముక్క కూడా పాటే, దాని మీద మాట పడితే పాట సగం పోయినట్టే.

3 ఆనతినీయరా. 2 సీతారామయ్యగారి మనవరాలులో పూసింది పూసింది పున్నాగ, దీన్ని ఒకటో నంబరు చేయలేదని వదిన ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు. తన లిస్ట్ తను చేసుకుంటోంది, అదే కావాలి నాకు కూడా.

1 జామురాతిరి జాబిలమ్మ. 1991, క్షణక్షణం, సిరివెన్నెల, కీరవాణి, బాలు, చిత్ర. అడవిలో దారి తప్పి భయంతో నిద్రపట్టని అమ్మాయికి హీరో పాడే జోలపాట. అడవే లేచి వచ్చి ఆమెని నిద్రపుచ్చాలంటాడు మొదటి చరణంలో, రెండోదాంట్లో భయాలన్నీ మర్చిపొమ్మంటాడు, ఎంత చిక్కటి చీకటైనా తెల్లారితే కరగాల్సిందే అంటాడు. టక్‌మని తెగిపోయిన నా పదమూడో పాట ఇదే. ఈసారి దాని వెనక ఎంత ఖాళీ కావాలంటే అంత ఉంచాను.

మీరు కూడా ఒకటో నంబరు తర్వాత ఏమీ పెట్టొద్దు, ఆటోప్లే ముందే ఆఫ్ చేసుకోండి, లేదంటే పాట అయిన రెండో సెకన్‌లో ఏదో రీమిక్స్ వచ్చి మీద పడుతుంది. మా కారులో పాట అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక సీట్లోంచి అమ్మ సన్నగా రెండో చరణం అందుకుంది, ఒక చోట మాట మర్చిపోయి ఆగితే అన్నయ్య అందించాడు.